షామియానా కింది యంత్రం

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలుస్తుంది. ఆ చోటు నుంచి పది కిలోమీటర్ల వలయం గీస్తే చాలా పడతాయి అందులో. 2008లో మొదలైన పెద్ద ఓడరేవు ఉంది. నేలటూరులో ఏపీ జెన్‌కో వారి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లు. ఆ చుట్టుపక్కలే ప్రైవేటు బొగ్గు విద్యుత్ కేంద్రాలు. వాటి సందుల్లోంచి బకింగ్‌హామ్ కాలువ, రొయ్యల గుంటలు, జాలర్లుండే పట్టపుపాలేలు, ఉప్పుటేట్లో చేపలూ పీతలూ పట్టుకుని బతికే యానాదుల గుడిసెలు. ఇంకాస్త లోపలికి వస్తే వరి పొలాలు. పది కిలోమీటర్లని నేను లెక్క బాగుంటుందని అనలేదు. పరిశ్రమ పెట్టేవాళ్లు పర్యావరణ ప్రభావ నివేదిక రాయించేటప్పుడు మామూలుగా తీసుకునే అధ్యయన పరిధి అంతే.

ఇంత ఇరుకులో కొత్తగా ఏ భారీ పరిశ్రమ రావాలన్నా, ఉన్నది పెరగాలన్నా, సాధారణంగా ముందు ఒక షామియానా లేస్తుంది. ఎర్ర కుర్చీలు, మైకు, బారికేడ్లు, వేదిక మీద కలెక్టరు. మర్నాడు పేపర్లో ‘ప్రజాభిప్రాయ సేకరణలో రసాభాస’ అనో, ‘ప్రశాంతంగా ముగిసిన ప్రజాభిప్రాయ సేకరణ’ అనో వార్త వస్తుంది. ఎవరు అరిచారు, ఎవరు చప్పట్లు కొట్టారు అన్నదే మనం చదువుతాం. ఆ షామియానా కింద నడిచే యంత్రాన్ని విప్పి చూసేవాళ్లు తక్కువ. 2006 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌కు నాలుగో అనుబంధంగా ఆ సభ నడపాల్సిన పద్ధతి అచ్చయింది. కొద్ది పేజీలు. రాసినవాళ్ల పేర్లు లేవు. కానీ నిదానంగా చదివితే ప్రతి వాక్యం వెనకా ఒక మోసాన్ని ముందుగా ఊహించిన బుర్ర కనిపిస్తుంది.

ఈ యంత్రం లేని రోజుల్లో ఏం జరిగిందో నెల్లూరు తీరానికి బాగా తెలుసు. 1990ల మొదట్లో రొయ్యల గుంటలు తీరం పొడవునా లేచాయి. తవ్వే ముందు పక్క ఊరిని అడగాలన్న నియమం ఎక్కడా లేదు. ఉప్పునీళ్లు బావుల్లోకి దిగాయని, సముద్రానికి పోయే దారి మూసుకుపోయిందని ఊళ్లు మొత్తుకున్నాయి. ఆ మొత్తుకోలుకు చేరవలసిన బల్ల ఒకటి లేదు. చివరికి తమిళనాడులోని గ్రామ స్వరాజ్య ఉద్యమం నుంచి ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది. కోర్టు నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలను ఆంధ్ర, తమిళనాడు తీరాలకు పంపి పరిశీలన చేయించుకుంది. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సఘీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. గుంటలు తవ్వేశాక, బావులు చెడ్డాక, ఢిల్లీలో విచారణ! అదే ప్రశ్నను గుంట తవ్వకముందు, ఆ ఊరి పక్కనే, ఆ ఊరి భాషలో అడగడానికి ఏం కావాలి? ఆ తీర్పు వచ్చిన నాలుగు నెలలకు, 1997 ఏప్రిల్ 10న, 1994 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌ను సవరించి బహిరంగ విచారణను తప్పనిసరి చేశారు. తొలి నమూనా అది. ఇప్పుడు నడుస్తున్నది 2006లో మళ్లీ పోత పోసినది.

ముందు ఈ భాగం ఎక్కడ బిగించారో చూద్దాం. పరిశ్రమకు పర్యావరణ అనుమతి రావాలంటే నాలుగు మెట్లు. ఏ తరగతి ప్రాజెక్టో తేల్చడం, ఏయే అంశాలు అధ్యయనం చేయాలో నిర్ణయించడం, ప్రజలను సంప్రదించడం, నిపుణులు మదింపు వేయడం. ప్రజలది మూడో మెట్టు. అధ్యయనం అయ్యాక, నిర్ణయం కాకముందు. ఇంకా ముందు పెడితే మాట్లాడటానికి చేతిలో కాగితం ఉండదు. వెనక్కి పెడితే మాట్లాడినా ఫలం ఉండదు. ఈ మెట్టుకు తలుపులు కూడా రెండు పెట్టారు. స్థలంలోనో దాని దగ్గరలోనో జరిగే సభలో నోటితో చెప్పుకోవడం ఒకటి. దూరాన ఉన్నా ఆ పర్యావరణంతో సంబంధం ఉందని చెప్పగలిగినవారు రాతపూర్వకంగా పంపడం రెండోది. ముత్తుకూరులో వల వేసే మనిషికి మైకు, మరో ఊళ్లో కూర్చున్న సముద్ర శాస్త్రవేత్తకు ఉత్తరం.

ఇక సభ ముందర పెట్టే కాగితం. దాన్ని ‘ముసాయిదా’ నివేదిక అనే అంటారు, తుది నివేదిక అనరు. ఇది మర్యాద కోసం వాడిన మాట కాదు. మూడో అనుబంధంలో ఆ నివేదికకు పన్నెండు అధ్యాయాల చట్రం ఇచ్చారు. ప్రాజెక్టు వర్ణన, ఇప్పుడున్న పర్యావరణం, రాబోయే ప్రభావాలు, ప్రత్యామ్నాయాలు, పర్యవేక్షణ, ఇలా సాగి చివర నివేదిక రాసిన కన్సల్టెంట్లు ఎవరో చెప్పే అధ్యాయంతో ముగుస్తుంది. మధ్యలో ఏడోది ‘అదనపు అధ్యయనాలు’. ప్రజా సంప్రదింపులకు చోటు అక్కడే. అంటే సభ జరిగే రోజున ఆ గది ఖాళీగా ఉంటుంది. దాన్ని నింపాల్సినవాళ్లు కుర్చీల్లో కూర్చున్న జనం. సభ తరవాత కంపెనీ ఆ మాటలకు జవాబు చెప్పి, అవసరమైన చోట నివేదికనూ, పర్యావరణ నిర్వహణ ప్రణాళికనూ మార్చి, అప్పుడు తుది నివేదికగా కుట్టాలి.

ఈ ముసాయిదా కనీసం పది ప్రతులు కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. కలెక్టరుకు, జిల్లా పరిషత్తుకు, జిల్లా పరిశ్రమల కార్యాలయానికి, స్థానిక సంస్థలకు, మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి కూడా అప్పుడే పంపాలి. సభ ముగిసేదాకా ఆఫీసు వేళల్లో ఎవరడిగినా చూపించాలి. ఒకే చోట పెడితే ‘బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడు’ అనే మాట వినాల్సి వస్తుందని ఊహించినట్టున్నారు. అందుకే ఇన్ని బీరువాలు.

వందల పేజీల ఇంగ్లీషు నివేదికను ఊళ్లో ఎవరు చదువుతారు? అందుకు సంక్షిప్త నివేదిక ఉంది. ఎ4 కాగితం మీద పది పేజీలు దాటకూడదు. ఇంగ్లీషుతోపాటు మన దగ్గరైతే తెలుగులోనూ ఉండాలి. మంచి ఏర్పాటు. కానీ దీన్ని వడ్రంగి కన్నుతో చూస్తే ఒక బెజ్జం కనిపిస్తుంది. సంక్షిప్తంలో ఏయే అధ్యాయాలు తప్పనిసరో ఒక జాబితా ఇచ్చారు. ప్రాజెక్టు, పర్యావరణం, ప్రభావాలు, పర్యవేక్షణ, అదనపు అధ్యయనాలు, ప్రయోజనాలు, నిర్వహణ ప్రణాళిక. ఏడు. పెద్ద నివేదికలో ఉన్న ‘ప్రత్యామ్నాయాల విశ్లేషణ’ ఇందులో లేదు. ఈ స్థలమే ఎందుకు, ఈ సాంకేతికతే ఎందుకు, ఇంకెక్కడైనా చూశారా అన్న ప్రశ్నకు జవాబు ఉండే అధ్యాయం అది. ఊళ్లో మనిషి మొదట అడిగే ప్రశ్నా అదే. ఇంత జాగ్రత్తగా చెక్కిన పనిలో ఈ ఒక్కటి ఎలా జారిపోయిందో నాకు అర్థం కాదు. కాబట్టి తెలిసినవాళ్లు తెలుగు సంక్షిప్తంతో ఆగరు. పెద్ద నివేదికలో అయిదో అధ్యాయం అడిగి తీసుకుంటారు.

కాగితం చేరాక గడియారం మొదలవుతుంది. మండలి సభ్య కార్యదర్శి ఏడు రోజుల్లో తేదీ, వేళ, స్థలం ఖరారు చేసి ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. ప్రకటనకూ సభకూ మధ్య కనీసం ముప్పై రోజులు. దరఖాస్తు అందిన నలభై అయిదు రోజుల్లో సభ అయిపోవాలి. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడూ ముప్పై కలిపితే ముప్పై ఏడు. మిగిలేది ఎనిమిది రోజులు. అంతే వదులు. ఆ వదులు లేకపోతే తుపాను హెచ్చరికో పండగో వస్తే యంత్రం పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే కంపెనీ దరఖాస్తు ఏళ్ల తరబడి బల్ల కింద నలుగుతుంది. గడువులో మండలి సభ పెట్టకపోతే ఆ పని వేరే సంస్థకు అప్పగించే వీలు కూడా అందులోనే రాశారు. రెండు పక్షాల ఓపికనూ తూచి వేసిన లెక్క ఇది.

ముప్పై రోజులు ఎందుకంటే, ఊళ్లో ఒక్కడు ఆ నివేదిక తెచ్చుకుని, నెల్లూరులోనో తిరుపతిలోనో తెలిసిన కాలేజీ మాస్టారికి చూపించి, ఆయన చెప్పింది నలుగురికీ వివరించి, నలుగురూ ఒక మాట అనుకోవడానికి పట్టే కాలం సుమారుగా అది. పట్టపు ఊళ్లలో ఊరి పెద్దలైన కాపులు కూర్చుని తేల్చుకునే పద్ధతి ఉంది, కట్టుబాటు వేయాలంటే దురాయి అనే కట్టడి ఉంది. ఒక సాయంత్రంలో తేలే పని కాదది. 2020లో వచ్చిన కొత్త నోటిఫికేషన్ ముసాయిదా ఈ ముప్పైని ఇరవైకి కుదించాలని చూసింది. దేశమంతా గోల లేచింది. ఆ ముసాయిదాను దేశ భాషల్లోకి అనువదించి అందుబాటులో ఉంచమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ముసాయిదా ఖరారు కాలేదు. పది రోజులే కదా అనిపిస్తుంది. పోయేది ఆ మాస్టారి దగ్గరికి వెళ్లొచ్చే పది రోజులు.

ప్రకటన గురించి ఇంకో వాక్యం ఉంది, నాకు మొత్తం అనుబంధంలో బాగా నచ్చినది. పేపర్లు చేరని చోట డప్పు కొట్టించి, రేడియోలో, టీవీలో చెప్పించి తెలియజేయాలి అని. కేంద్ర ప్రభుత్వ గెజిట్‌లో దండోరా! నవ్వుకోవడానికి లేదు. కండలేరు ఒడ్డున పేపరు చదవని, కొనని యానాది కుటుంబాలకు ఆ ఏరే పొలం, ఆ ఏరే జీతం. వాళ్లకు తెలియకుండా సభ జరిగితే ఏటి గురించి ఎక్కువ తెలిసినవాళ్లే లేకుండా సభ జరిగినట్టు. డప్పు అనే మాట రాసినవాడెవరో ఊరు తెలిసినవాడు.

తేదీ వేశాక మార్చడం కష్టం. అనుకోని అత్యవసర పరిస్థితి వస్తే తప్ప వాయిదా కుదరదు. అదీ కలెక్టరు సిఫార్సు మీదే. వాయిదా సంగతి మళ్లీ అవే రెండు పత్రికల్లో వేయాలి, ముందు చెప్పిన ఆఫీసులన్నింట్లో అంటించాలి, కొత్త తేదీని మొదటి నుంచి ప్రకటించాలి. ఈ తాళం లేకపోతే ఏం జరిగేదో ఊహించడం తేలిక. జనం ఆ ఊరి హైస్కూలు దగ్గర పోగవుతారు, సభ పక్క మండలంలో కల్యాణ మండపంలో ముగుస్తుంది.

వేదిక మీద ఎవరు కూర్చోవాలి? 1997 నమూనాలో ఒక పెద్ద ప్యానెల్ ఉండేది. మండలి ప్రతినిధి, కలెక్టరు, ప్రభుత్వ శాఖల ప్రతినిధులు, స్థానిక సంస్థల నుంచి ముగ్గురికి మించకుండా, కలెక్టరు నామినేట్ చేసిన స్థానిక పెద్దలు ముగ్గురికి మించకుండా. 2006లో అదంతా తీసేశారు. కలెక్టరు, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తాడు, మండలి ప్రతినిధి సహాయంగా ఉంటాడు. ఊరివాళ్లను వేదిక దింపేశారని చాలామంది దీన్ని తప్పుపట్టారు. నాకు మాత్రం కొత్త అమరికే శుభ్రంగా అనిపిస్తుంది. కలెక్టరు ఎంచుకున్న ముగ్గురు పెద్దలు ఊరి తరఫున తలూపితే ఆ తలూపు ఊరిదైపోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు సర్పంచైనా కింద నుంచి లేచి మైకు దగ్గరికి వచ్చి తన మాట తానే చెప్పాలి. వేదిక పని వినడం, రాయడం. తీర్పు చెప్పడం కాదు. మరి మండలి ప్రతినిధి ఉద్యోగం రేపు ఆ కంపెనీ పొగ గొట్టాన్ని తనిఖీ చేయడమే కాబట్టి, అతను అక్కడ ఉండటం ఒక రకంగా ముందస్తు పరిచయం.

సభ మొదలు పెట్టడానికి కోరం అక్కర్లేదు. ఇంతమంది ఉంటేనే అన్న నియమం లేదు. ఈ ఒక్క వాక్యం మీద మత్స్యకారులకు కోపం రావడం న్యాయమే. ఊరంతా వేటకు పోయిన రోజు సభ పెడితే? ఊరు ఊరంతా కట్టుబాటు వేసుకుని రాకపోతే? ఖాళీ కుర్చీల ముందు కూడా సభ జరిగిపోతుంది. బహిష్కరణ అనే ఆయుధం ఈ యంత్రం మీద పనిచేయదు. అయితే దీనికి జోడీగా ఇంకొకటి ఉంది, దాన్ని కలిపి చూడాలి. ఇక్కడ చేతులు లెక్కపెట్టరు. ఓటు లేదు. ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు అన్న లెక్క మీద ఏదీ ఆధారపడదు. లారీల్లో తెచ్చిన అయిదు వందల మంది ‘ప్రాజెక్టు రావాలి, ఉద్యోగాలు రావాలి’ అని అరిస్తే అది ఒక అంశం. ఒక్క అవ్వ లేచి, మా బావి ఇప్పటికే ఉప్పెక్కింది, బూడిద చెరువు దాని పక్కనే తవ్వుతారంట గదా, అని అడిగితే అది ఇంకో అంశం. ప్రతి అంశానికీ పట్టికలో ఒక వరస. యంత్రం తలలను తూచదు, విషయాలను తూస్తుంది. కోరం లేకపోవడంలోని కాఠిన్యమూ, ఆ అవ్వకు దొరికిన బలమూ ఒకే సూత్రం నుంచి వచ్చినవి. అందుకే ఇలాంటి సభల్లో ఆవేశంగా మాట్లాడిన ఉపన్యాసం చప్పట్లతో అయిపోతుంది, ‘నాలుగో అధ్యాయంలో గాలి దిశ తప్పు రాశారు’ అన్న చప్పటి వాక్యం ఢిల్లీ దాకా పోతుంది.

మొదట కంపెనీ ప్రతినిధి ప్రాజెక్టు గురించీ, సంక్షిప్త నివేదిక గురించీ చెప్పాలి. తరవాత వచ్చిన ప్రతి ఒక్కరికీ వివరం అడిగే, అనుమానం తీర్చుకునే అవకాశం ఇవ్వాలి. ఇక్కడి నుంచి ఒక మాట ఎలా ప్రయాణిస్తుందో చూస్తే పనితనం తెలుస్తుంది. ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఒక పట్టపు మనిషి లేచి, “కంపెనీ నీళ్ళు యేడిగా ఏట్లోకొస్తే చేప యాడ నిలుస్తాది సార్?” అన్నాడు.

ఆ మాటను నాలుగు వైపుల నుంచి పట్టుకుంటారు. హాజరైనవారి పేర్ల పట్టీ కార్యకలాపాల నివేదికకు జతచేయాలి, కాబట్టి అన్నవాడు ఉన్నాడు. మొత్తం సభను వీడియో తీయాలి, కాబట్టి అన్న తీరు ఉంది. మండలి ప్రతినిధి అందరి అభిప్రాయాలూ ఆందోళనలూ ఉన్నవి ఉన్నట్టు ప్రతిబింబించేలా సారాంశం రాయాలి, కాబట్టి అన్న విషయం ఉంది. సభ చివర ఆ సారాంశాన్ని అందరికీ చదివి వినిపించి, స్థానిక భాషలో వివరించాలి. ఇది నాలుగోది, నా దృష్టిలో మొత్తం యంత్రానికి ఇరుసు. ‘వేడి నీళ్ల గురించి చెప్పాను, రాయలేదే’ అని ఆ మనిషి అక్కడికక్కడే లేచి అనగలడు. ఒప్పుకున్న ఆ మినిట్స్ మీద కలెక్టరో ఆయన ప్రతినిధో అదే రోజు సంతకం పెట్టాలి. మర్నాడు కాదు. రాత్రికి రాత్రి కాగితం మారే సందు మూయడానికి ఆ రెండు మాటలు సరిపోయాయి: అదే రోజు. అందుకే సభ గోలగా ముగిసి, చదివి వినిపించకుండానే వేదిక దిగిపోతే, పోయింది మర్యాద కాదు, ఇరుసు. అరిచి సభను చెదరగొట్టేవాళ్లూ, తొందరపడి దిగిపోయే అధికారులూ ఇద్దరూ విరగ్గొట్టేది దాన్నే.

తరవాత పట్టిక. ప్రజలు లేవనెత్తిన అంశం ఒక పక్క, దానికి కంపెనీ వ్యాఖ్య ఎదురుగా. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఎడమ పక్క ‘వేడి నీళ్లు’ అని ఉంటే కుడి పక్క గడి ఖాళీగా వదలడం కుదరదు. ఏదో ఒకటి రాయాలి. రాసింది కట్టుబాటు అవుతుంది, లేదా తప్పించుకున్నట్టు కళ్లకు కడుతుంది. కార్యకలాపాల నివేదికను పంచాయతీ ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, కలెక్టరేట్‌లో, మండలి కార్యాలయంలో కనపడేలా పెట్టాలి, మండలి వెబ్‌సైట్‌లోనూ ఉంచాలి. చదివి ఇంకా అభ్యంతరం ఉంటే నేరుగా పైకి రాసుకోవచ్చు. సభ ముగిసిన ఎనిమిది రోజుల్లో మండలి ఇదంతా అనుమతి ఇచ్చే సంస్థకు పంపాలి.

ఢిల్లీలో నిపుణుల మదింపు సంఘం ముందు కంపెనీవాళ్లకు పిలుపు ఉంటుంది. ఊరివాళ్లకు ఉండదు. అక్కడ ఊరికి ఉన్న నోరు ఆ పట్టికా, ఆ వీడియో మాత్రమే. తుది నివేదిక అందిన అరవై రోజుల్లో సంఘం మదింపు ముగించాలి, ఆపైన నలభై అయిదు రోజుల్లో మంత్రిత్వ శాఖ నిర్ణయం చెప్పాలి. ఆ సంఘం పట్టికను తిరగేసి పక్కన పెడితే? గోవా గని కేసు ఉత్కర్ష్ మండల్‌లో 2009 నవంబరులో ఢిల్లీ హైకోర్టు దానికి జవాబిచ్చింది. ప్రజల అభ్యంతరాలను సంఘం పరిశీలించినట్టు, కారణాలతో సహా కనపడాలని చెప్పింది. పట్టికలో వరస ఎంత స్పష్టంగా ఉంటే, దాన్ని దాటవేసిన సంగతి అంత స్పష్టంగా బయటపడుతుంది.

మన వేడి నీళ్లు అక్కడ ఏమవుతాయి? అంకె అవుతాయి. సముద్రపు నీటితో చల్లబరుచుకునే థర్మల్ కేంద్రాలు వదిలే నీటివల్ల, కలిసే చోట సహజ ఉష్ణోగ్రత కన్నా ఏడు డిగ్రీల సెల్సియస్‌కు మించి పెరగకూడదని కేంద్ర నిబంధనల్లో ఉంది. పట్టిక నుంచి వచ్చిన ఆందోళన ఆ అంకెను పట్టుకుని అనుమతి పత్రంలో షరతుగా దిగుతుంది. నీళ్లు ఎక్కడ కలపాలి, ఎంత దూరం గొట్టం వేయాలి, ఎక్కడ కొలవాలి అన్నవి కూడా చేరవచ్చు. ‘చేప యాడ నిలుస్తాది’ అన్న ప్రశ్న థర్మామీటరు చదవగల వాక్యమైంది. ఆ షరతులు అమలవుతున్నాయో లేదో కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అవి ప్రజా పత్రాలు, ఎవరైనా అడిగి చూడవచ్చు.

అనుమతి వచ్చిన సంగతి రెండు స్థానిక పత్రికల్లో కంపెనీ తన ఖర్చుతో ప్రకటించాలి. ప్రతిని పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని ముప్పై రోజులు ప్రదర్శించాలి. అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవడానికి మామూలు గడువు కూడా ముప్పై రోజులే. తగిన కారణం ఉంటే ఇంకో అరవై. ఒక చట్టంలోని ముప్పై, ఇంకో నిబంధనలోని ముప్పై ఇలా ఒకదాని పళ్లలో ఒకటి కూర్చున్నాయి. మన నెల్లూరు జిల్లాకు దగ్గరి ట్రిబ్యునల్ ధర్మాసనం చెన్నైలో ఉంది.

ఇదంతా కాగితం మీద అందం కాదా అంటారు. సోంపేట చూడండి. శ్రీకాకుళం జిల్లాలో బీల నేలల్లో థర్మల్ కేంద్రం మీద 2009 ఆగస్టులో సభ జరిగింది. అది బంజరు కాదు, తడి నేల, మా చేపలూ పంటలూ దాని మీదే అని ఊళ్లు పట్టుబట్టాయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది, ఆ నేల స్వభావాన్ని ముందు పెట్టుకునే. ప్రాణాలు పోకుండా ఆ మాట చేరవలసింది. చేరడానికి దారి మాత్రం ఉంది.

అరిగిన చోట్లు కూడా చెప్పాలి. నివేదిక రాసే కన్సల్టెంటుకు డబ్బులిచ్చేది కంపెనీయే. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని అధికారులు నివేదిస్తే, సభ లేకుండానే ముందుకు పోవచ్చని నోటిఫికేషన్‌లో ఒక తప్పింపు కవాటం ఉంది. ఆవిరి ఎక్కువైతే తెరవడానికి పెట్టినది ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు ఉపయోగపడుతుంది. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో సభ. అన్నింటి పొగా కలిసి ఒకే ఊరి మీద పడితే ఆ మొత్తాన్ని అడిగే షామియానా లేదు. కృష్ణపట్నానికి ఇది పుస్తకాల్లో సమస్య కాదు. ఇక భూమి తీసుకోవడం వేరే చట్టం, వేరే సభ. 2025లో ఉలవపాడు మండలం కరేడులో రైతులు గ్రామసభలో భూములు ఇచ్చేది లేదని చెప్పింది ఆ రెండో దారిలో.

ఇదే చేతి పని తీరంలో ఇంకో చోట ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తీర నియంత్రణ జోన్ నోటిఫికేషన్లు 1991, 2011, 2019లో వచ్చాయి. వాటి కింద ప్రతి జిల్లా తీరానికీ నిర్వహణ పటాలు గీయాలి. అవీ ముసాయిదాగానే మొదలవుతాయి, వాటి మీదా జిల్లా స్థాయిలో బహిరంగ విచారణ ఉంటుంది. పెద్ద పటం 1:25,000 కొలతలో. అందులో ఒక సెంటీమీటరు నేల మీద 250 మీటర్లు. వంద మీటర్ల పొడవున చేపలు ఎండబెట్టుకునే మేర ఆ పటంలో నాలుగు మిల్లీమీటర్లు, పెన్సిలు చివరంత. కనపడదు. అందుకే సర్వే నంబర్లతో సహా ఉండే స్థానిక పటం సుమారు 1:4,000 కొలతలో ఉండాలి. అక్కడ ఒక సెంటీమీటరు నలభై మీటర్లే. అదే మేర రెండున్నర సెంటీమీటర్లకు సాగుతుంది, వేలు పెట్టి చూపించవచ్చు. ఆ స్థాయి పటంలో మత్స్యకార గ్రామాలు, వాళ్ల ఉమ్మడి స్థలాలు, చేపలు ఎండబెట్టే చోట్లు, జెట్టీలు, ఐసు ఫ్యాక్టరీలు, బడులు, ఆసుపత్రులు గుర్తించాలని 2011 నోటిఫికేషన్ పేరు పేరునా చెప్పింది. పోటు గీత ఎక్కడిదాకా వస్తుందో ఉపగ్రహ చిత్రం చూసి గీయవచ్చు. ఆ ఇసక మీద ఏ మూల ఎవరు వలలు ఆరేస్తారో, ఏ నెలలో పడవలు ఏ వైపు లాగి పెడతారో ఉపగ్రహానికి తెలియదు. ముసాయిదా పటం విచారణకు వచ్చిన రోజున మైపాడు నుంచో ఇసకపల్లి నుంచో వెళ్లేవాళ్లు అడగాల్సింది ఆ స్థానిక పటమే, తమ ఊరి షీటు నంబరుతో సహా.